నీడలో పెట్టిన ఎర్రపళ్ల మొక్క ఆకులు మాడుతున్నాయి, బెజవాడ ఎండాకాలం దాటుతుందా?

సందుతోట, సత్యనారాయణపురం

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా ఇంటికి ఉత్తరం వైపు నాలుగడుగుల సందు ఉంది. ఇటు మా గోడ, అటు మూడంతస్తుల అపార్ట్‌మెంట్. ఎండ రాదని ఇన్నాళ్లూ అక్కడ ఖాళీ గ్యాస్ బండ, పాత బకెట్లు తప్ప ఏమీ పెట్టలేదు. జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూద్దామని బెంగళూరు వెళ్లి, తిరిగి వచ్చే రోజు ఒక నర్సరీలో ఈ మొక్క చూశాను. మోకాలెత్తు ఉంది. పైన గొడుగు విప్పినట్టు ముదురాకుపచ్చ ఆకులు, ఆ గొడుగు కింద చుట్టూరా గుత్తులు గుత్తులుగా బఠాణీ గింజంత ఎర్రటి పళ్లు, ఒక్కొక్కటీ నూనె రాసి తుడిచినట్టు మెరుస్తోంది. పేరు ఆర్డీసియా అన్నారు, కోరల్ బెర్రీ అని కూడా అంటారట. ఎండ అక్కర్లేదు, పళ్లు నెలల తరబడి రాలవు అన్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే కదా అని 450 రూపాయలు పెట్టి కొని, రైల్లో రాత్రంతా కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాను.

ఫిబ్రవరి, మార్చి బ్రహ్మాండంగా ఉంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ ముందు సందులోకే వెళ్లి చూసేవాళ్లు. ఏప్రిల్ సగం నుంచి తేడా మొదలైంది. ఆకుల కొసలు మాడి పెళుసుగా అయిపోయాయి, కింది ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, పళ్లు ముడుచుకుపోయి రాలుతున్నాయి. పొద్దున్నే ఊడుస్తుంటే చీపురు కింద ఎర్రగా దొర్లుతుంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లు చాలట్లేదేమో అని రోజుకు రెండుసార్లు పోస్తున్నాను. మట్టి ఎప్పుడు చూసినా తడిగానే ఉంది, అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులు వేలాడిపోతున్నాయి. నీడలోనే ఉంది, నీళ్లున్నాయి, మరి ఎందుకు?

ఇంకోటి, ఆకు అంచుల వెంట వరసగా చిన్న చిన్న ఉబ్బులున్నాయి. తెగులేమో అని ఒక షాపులో చూపిస్తే మందిచ్చారు, రెండుసార్లు కొట్టాను. ఉబ్బులు అలాగే ఉన్నాయి.

ఇంకా రోహిణి కార్తె రాలేదు, అప్పటికి దీని గతేంటో అని టెన్షన్‌గా ఉంది. మాకు రెండేళ్ల పాప ఉంది. మా అత్తయ్యగారు మొదటి రోజు నుంచీ "ఎర్రగా కనిపిస్తే నోట్లో పెట్టేస్తుంది, ముందు ఆ పళ్లు విషమో కాదో కనుక్కో" అంటున్నారు. ఎవరికైనా ఈ మొక్కతో అనుభవం ఉంటే చెప్పండి.

బ్రాడీపేట వసారా, గుంటూరు

నా దగ్గర రెండున్నాయండి, నాలుగు వేసవులు దాటాయి. కాబట్టి మన ఎండలకి బతుకుతుంది, ఆ విషయంలో భయం పెట్టుకోకండి. కానీ బెంగళూరులో చూసినన్ని పళ్లు మన దగ్గర కాయవు. నాకు అందులో సగం కూడా రావు, వచ్చినవే అపురూపం.

ముందు ఆ ఉబ్బుల సంగతి. అది తెగులు కాదు, ఆ మొక్క పుట్టుకే అంత. ఆ ఉబ్బుల్లో ఒక రకం బాక్టీరియా కాపురం ఉంటుంది, మొక్కకీ దానికీ పొత్తు. గింజలోంచే పిల్లమొక్కకి వస్తుంది. అంచులు అలలు అలలుగా ఉండి మధ్యలో ఆ బొడిపెలు ఉంటేనే అసలైన ఆర్డీసియా క్రెనాటా అని నేను పోల్చుకుంటాను. దయచేసి ఇంక మందు కొట్టకండి, అసలే ఎండకి నీరసించి ఉంది.

ఇప్పుడు మీ నీడ గురించి. మీరు జనవరిలో చూసిన నీడ మే నెలలో ఉండదండి. నేను మొదటి ఏడాది సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాను. జనవరిలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, మీ ఇంటి నీడ మొత్తం ఆ ఉత్తరం సందు మీదే పడుతుంది. మనది 16న్నర డిగ్రీల అక్షాంశం. మే మొదటి వారం దాటాక సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, మళ్లీ ఆగస్టు మొదటి వారానికి గానీ వెనక్కి రాడు. ఈ మూడు నెలలూ ఉత్తరం గోడలకి కూడా ఎండ తగులుతుంది. పొద్దున్నే ఈశాన్యం నుంచీ, సాయంత్రం వాయవ్యం నుంచీ కొడుతుంది. నాలుగడుగుల సందైతే మిట్టమధ్యాహ్నం నిలువునా కిందికి దిగుతుంది. ఒక్క ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి ఆరు దాకా ఆ సందులో కూర్చుని చూడండి, ఎండ ఎక్కడ పడుతుందో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. గంట ఎండే కదా అనుకోవద్దు, మే నెల గంట ఎండ ఈ మొక్కకి చాలా ఎక్కువ.

అయితే ఎండ ఒక్కటే అయితే ఆకు మీద మచ్చలు మచ్చలుగా కాలుతుంది. మీరు చెప్పినట్టు కొసలు మాడుతున్నాయంటే వేడిగాలి పని. ఆకులోంచి నీరు ఆవిరయ్యే వేగానికి వేరు అందించలేకపోతోంది. మట్టి తడిగా ఉన్నా ఆకు వేలాడుతోందంటే రెండే కారణాలు నాకు తెలిసి: వేరు ఉడికిపోవడం, లేదా నీళ్లెక్కువై వేరుకి గాలాడకపోవడం. కుండీ ఏ రకం? నల్ల ప్లాస్టిక్ అయితే చెయ్యి పెట్టి చూడండి. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ఆ సందులో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఏమైనా ఉన్నాయా?

ఇప్పుడు కుండీ మార్చకండి, ఈ వేడికి వేళ్లు కదిపితే పోతుంది. ఎరువు కూడా ఏదీ వెయ్యొద్దు. నేను చేసేది చెప్తాను: దీని కుండీకన్నా రెండంగుళాలు పెద్ద మట్టికుండీ తీసుకుని, అడుగున ఇసుక పోసి, మొక్కని కుండీతో సహా అందులో దించి, చుట్టూ ఖాళీలో కూడా ఇసుక నింపాలి. నీళ్లు ఎక్కువగా ఆ ఇసుకకే పొయ్యాలి. మట్టికుండీ చెమ్మగిల్లి కూజాలో నీళ్లలాగా లోపలి వేరు చల్లగా ఉంటుంది. మొక్కలోకి మాత్రం పైన అంగుళం మట్టి పొడిబారాకే పోస్తాను. మే నెలలో నాకది రోజు విడిచి రోజు వస్తుంది, పొద్దున్నే ఆరుగంటల లోపల.

సందుతోట, సత్యనారాయణపురం

అక్కా, ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. నల్ల ప్లాస్టిక్ కుండీయే. అవుట్‌డోర్ యూనిట్లు మాది ఒకటి, అపార్ట్‌మెంట్ వాళ్లవి రెండు, మూడూ ఆ సందులోకే తిరిగి ఉన్నాయి! ఒకటి మొక్కకి సరిగ్గా ఎదురుగా. మేము మధ్యాహ్నం రెండు నుంచి ఏసీ వేస్తాం, ఆకులు వేలాడేదీ అప్పుడే. ఏప్రిల్ నుంచి వేయడం మొదలుపెట్టాం. ఇన్ని రోజులు ఇది తట్టనేలేదు నాకు. కుండీ పైన తెల్లటి పొర కూడా కట్టింది, మాది బోరు నీళ్లు.

బ్రాడీపేట వసారా, గుంటూరు

అదేనమ్మా. బయట 44 ఉంటే ఆ యూనిట్ వదిలే గాలి అంతకన్నా వేడి, పైగా పొడిగాలి. ఈ మొక్కది చైనా, జపాన్, మన ఈశాన్య రాష్ట్రాల అడవుల నేల. పెద్ద చెట్ల కింద, ఆకులు కుళ్లిన మెత్తటి మట్టిలో, గాలి కదలనిచోట పెరిగేది. చలిని బాగానే ఓర్చుకుంటుంది, వడగాలిని ఓర్చుకోలేదు. ఈరోజే అక్కడినుంచి తీసెయ్యండి. తూర్పు వసారా ఉందా? పొద్దున ఎనిమిదింటి దాకా లేత ఎండ తగిలి, ఆ తర్వాత నీడ ఉండే చోటు చూడండి. నేల మీదకన్నా పీట మీద పెట్టండి, గచ్చు వేడి తగలకుండా. చుట్టూ మూడు నాలుగు ఆకుమొక్కలు గుంపుగా పెడితే వాటి తేమ దీనికి కలిసొస్తుంది. గాలి వచ్చే వైపు గోనెపట్టా కట్టి మధ్యాహ్నం తడుపుతాను నేను. ఆకుల మీద నీళ్లు చల్లడంకన్నా ఇది మేలు, బోరు నీళ్లు చల్లితే ఆకు మీద మరకలు కూడా పడతాయి.

తెల్లపొర ఉప్పు. దీనికి కాస్త పులుపు మట్టి ఇష్టం, బోరు నీళ్లతో మట్టి గుణం మారిపోయి ఇనుము అందక లేతాకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మిగతాదంతా పాలిపోతాయి. కృష్ణ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అవే పొయ్యండి. లేదంటే ఆ ఏసీ పైపులోంచి కారే నీళ్లు బకెట్లో పట్టండి, వాటిలో ఉప్పు ఉండదు, ఆ చల్లదనం తగ్గాక పోసుకోవచ్చు. వానాకాలం మొదలయ్యాక ఒక మంచి వానలో కుండీని బయట పెట్టేస్తే పేరుకున్న ఉప్పంతా కిందినుంచి కొట్టుకుపోతుంది.

జులైలో, చినుకులు పడి గాలి చల్లబడ్డాక కుండీ మార్చండి. మన గుంటూరు నల్లరేగడి అసలు వాడొద్దు, తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే బీటలిచ్చి వేళ్లు తెగుతాయి. నేను ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఒక పాలు, చివికిన ఆకుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి, అడుగున పెంకులు వేస్తాను. కోకోపీట్ కడగకుండా వేస్తే దాంట్లోనూ ఉప్పుంటుంది.

పటమట మేడమీద, విజయవాడ

నేను ఆర్డీసియా తెచ్చి ఒక వేసవిలో పోగొట్టుకున్నవాడిని, అందుకే ఇంకో దారి చెప్తాను. నీడలో ఎర్రపళ్లు కావాలంటే ఆకుల అందం కోసం మన ఊళ్లో అందరూ కుండీల్లో పెంచే అగ్లోనిమానే కాస్తుందండి, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఎందుకంటే పువ్వు రాగానే ఆకు బలం తగ్గుతుందని తుంచేస్తాం. పువ్వంటే లేతాకుపచ్చ దొన్నెలో తెల్లటి కాడలాగా, చామంతుల్లా కంటికి ఆనేది కాదు, చామ దుంప పువ్వు చూసినవాళ్లకి తెలుస్తుంది, అదే కుటుంబం. దాన్ని అలా వదిలేస్తే ఒక్కోసారి దానంతటదే కాయ కడుతుంది. కట్టకపోతే మనం సాయం చెయ్యొచ్చు. ఆ కాడలో కింద ఆడపూలు, పైన మగపూలు. ఆడపూలు ముందు సిద్ధమవుతాయి, పుప్పొడి తర్వాత వస్తుంది, అందుకే ఒక్క పువ్వుతో కుదరదు, ముందు పూసినదాని పుప్పొడిని సన్న బ్రష్‌తో తీసి కొత్తగా విచ్చుకున్నదాని అడుగున రాయాలి. పొద్దున్నే చేస్తాను నేను.

కాయలు ఆకుపచ్చగా మొదలై, నెలల తరబడి అలాగే ఉండి, చివరికి పసుపు తిరిగి ఎర్రబడతాయి. మొదటిసారి నేను ఇంక పండవనుకుని రెండు గిల్లేశాను, ఇప్పటికీ బాధే. పండాక చాలా రోజులు నిలుస్తాయి. ఒక్కో పండులో ఒకటే పెద్ద గింజ. గుజ్జు కడిగేసి ఎండబెట్టకుండా వెంటనే పాతాలి, ఎండితే మొలవదు. ఆర్డీసియాలాగా చెట్టు నిండా కాయదు, గుత్తికి పది పదిహేను వస్తే గొప్ప. కానీ బెజవాడ మే నెలని నీడలో ఉంటే చాలు, లెక్కచెయ్యదు. వేసవిలో ఎర్రనల్లి ఒక్కటి చూసుకోవాలి, ఆకు వెనక తడిబట్టతో తుడిచి, అవసరమైతే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే చాలు.

సింగ్‌నగర్ పెరడు, విజయవాడ

పటమట అన్నయ్య చెప్పింది నిజం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు కింద ఉన్న కుండీలన్నీ రోజుల తరబడి బురదనీళ్లలో మునిగిపోయాయి. నీళ్లు తీశాక చూస్తే అగ్లోనిమా వేళ్లన్నీ కుళ్లి వాసన. పైన కాడ మాత్రం ఒక్కదానికి గట్టిగా ఉంటే కోసి, మంచినీళ్ల సీసాలో పెట్టాను. మూడు వారాలకి తెల్లటి వేళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆ ఒక్క ముక్కనుంచి ఐదు కుండీలయ్యాయి, పోయిన ఏడాది ఒకటి పళ్లు కూడా కాసింది. అమ్మ ఆ గుత్తిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పాప గురించి ఎవరూ చెప్పలేదు, అది ముందు చెప్పాల్సింది. అగ్లోనిమా ఆకు, కాడ, పండు అన్నిట్లోనూ సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, పచ్చి చామాకు గొంతులో దురద పెడుతుంది చూడండి, అదే. కొరికితే నోరు మండి వాస్తుంది. కోసేటప్పుడు చేతికి రసం తగిలినా కొందరికి దురద. ఆర్డీసియా సంగతి, అమెరికాలో ఫ్లోరిడాలో అది తోటల్లోంచి అడవుల్లోకి పాకిపోయింది, అక్కడ దాని పళ్లు, ఆకులు పశువులకీ, పెంపుడు జంతువులకీ, మనుషులకీ విషమేమో అన్న అనుమానంతో జాగ్రత్త చెప్తారు. మీ అత్తయ్యగారి మాటే నా మాట. గురివింద గింజ అందంగా ఉందని పిల్లల చేతికిస్తామా? రెండేళ్ల పిల్లకి అందని ఎత్తులో పెట్టండి, రాలిన పండు రాలినట్టు ఏరెయ్యండి. ఎత్తున పెట్టే చోటు లేకపోతే పాపకి ఐదేళ్లు వచ్చేదాకా ఎవరింట్లోనైనా ఉంచండి. ఎప్పుడైనా మింగిందనిపిస్తే, బాగానే ఉంది కదా అని ఊరుకోకుండా ఆ పండు, ఒక ఆకు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కుండీల బండి, మంగళగిరి

నేను కడియం నుంచి మొక్కలు తెచ్చి అమ్ముతాను. ఆర్డీసియా అడిగేవాళ్లు తక్కువ, అడిగినవాళ్లకి నేను చెప్పేది, జనవరిలో పళ్లతో ఉన్న మొక్క కొనొద్దు. చల్లటి ఊళ్లో పెరిగి, పళ్లు మోస్తూ, రెండు నెలల్లో మన వేసవిలో పడితే తట్టుకోవడం కష్టం. జులై, ఆగస్టుల్లో చిన్న మొక్క తీసుకుంటే వేసవి వచ్చేలోపు ఎనిమిది నెలలు మన గాలికి అలవాటు పడుతుంది. ఆ కుండీలో మట్టి బదులు పూర్తిగా కోకోపీట్ ఉంటే ఇంటికి తెచ్చిన నెలలోపు మార్చుకోవాలి, అది ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పట్టదు, పక్కలనుంచి జారిపోతుంది.

ఇంకొక మాట. మామిడి తోటల్లో, వేపచెట్ల కింద సన్నటి ఎర్రపళ్ల కంకులతో మోకాలెత్తు మొక్క దానంతటదే లేస్తుంది, రివినా అంటారు. నీడలో ఎంత ముద్దుగా ఉంటుందంటే కొందరు పీక్కొచ్చి కుండీలో పెట్టుకుంటారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు. పిట్టలు తిని విత్తనాలు ఊరంతా వేస్తాయి, పెట్టినచోట ఇంకేదీ మొలవనివ్వదు. అది కూడా తినేది కాదు. ఆర్డీసియా మన ఎండల్లో అంత పాకుతుందని నేను అనుకోను గానీ, కొండల మీద ఊళ్లవాళ్లు మాత్రం నేలలో పెట్టకుండా కుండీలోనే ఉంచండి. దీని చుట్టం ఒకటి, ఆర్డీసియా సొలనేసియా, మన తూర్పు కనుమల్లోనే సహజంగా ఉంది, గులాబీరంగు పూలు, పండితే నల్లటి పళ్లు. స్థలం ఉన్నవాళ్లు దాన్ని పెంచితే నాకు సంతోషం.

సందుతోట, సత్యనారాయణపురం

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నాలుగు రోజులైంది, చేసినవి చెప్తాను. మొక్కని తూర్పు వసారాలోకి మార్చాం. మా ఆయన పాత ఇనుప స్టాండు గోడకి బిగించారు, నాలుగున్నర అడుగుల ఎత్తు, పాప కుర్చీ ఎక్కినా అందదు, పళ్లు నేల మీద రాలకుండా కుండీ కింద వెడల్పు పళ్లెం పెట్టాం. కుండీలో కుండీ పెట్టి ఇసుక పోశాను. మీరు చెప్పినట్టు ఆదివారం సందులో సుద్దగీతలు గీస్తే, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఎండ సరిగ్గా ఆ కుండీ పెట్టినచోటే ఉంది. అత్తయ్యగారు కూడా వచ్చి చూశారు. నిన్నటినుంచి మధ్యాహ్నం ఆకులు వేలాడట్లేదు. మాడిన ఆకులు కోసెయ్యాలా? పళ్లు ఇంకా పదకొండున్నాయి, అవి ఉంచాలా తీసెయ్యాలా? ఒక కొమ్మ చివర తెల్లగా దూదిలాంటిది కూడా కనిపించింది.

బ్రాడీపేట వసారా, గుంటూరు

ఆ దూదిలాంటిది పిండినల్లి అనే పురుగు. దూదిపుల్లని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచెయ్యండి, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్లు చూసుకోండి, చీమలే వాటిని మోసుకొస్తాయి. కాడల మీద గోధుమరంగు పొలుసుల్లాంటివి ఉంటే అవీ పురుగే, గోటితో గీకెయ్యండి.

సగానికి పైగా మాడిన ఆకులే తియ్యండి, కొస మాత్రం మాడినవి ఉండనివ్వండి, ఆ పచ్చభాగం కూడా మొక్కకి తిండే. పళ్లు తీసెయ్యండి. మనసొప్పదు, తెలుసు, కానీ ఇప్పుడు పూతకొచ్చే కాలం. పక్కకొమ్మల చివర చిన్న తెల్లటి, కాస్త గులాబీ చాయ పూలు వస్తాయి, మొక్క బలం వాటికి దక్కాలి. రాలకుండా నిలబడ్డ పూలు కాయ కట్టి, వానాకాలమంతా ఆకుపచ్చగా ఉండి, దసరా దాటాక రంగు తిరగడం మొదలై సంక్రాంతికి నిండుగా ఎర్రబడతాయి. జపాన్‌లో దీన్ని మన్‌ర్యో అంటారు, పదివేల బంగారు నాణేలని అర్థం, కొత్త సంవత్సరానికి ఇంట్లో ఉంటే కలిసొస్తుందని పెట్టుకుంటారట. మనకి ముగ్గుల రోజుల్లో ఎర్రబడుతుంది, నాకు అందుకే అంత ఇష్టం. పిగిలిపిట్టలు మాత్రం కనిపెట్టుకుని ఉంటాయి, నేను కొన్ని వాటికి వదిలేస్తాను.

తీసిన పదకొండు పళ్లు పారెయ్యకండి. గుజ్జు నలిపి కడిగేసి, లోపలి గింజల్ని తడి కోకోపీట్‌లో అర అంగుళం లోతున పెట్టి, మూతున్న డబ్బాలో, ఇంట్లో చల్లగా ఉండే చోట ఉంచండి. ముడుచుకున్న పళ్ల గింజలు కూడా మొలిచాయి నాకు, నెలన్నర పట్టింది. వాటికి పళ్లు రావాలంటే రెండు మూడేళ్లు ఆగాలి, అప్పటికి మీ పాప కూడా పెద్దదవుతుంది. ఇక్కడ మొలిచిన మొక్కకి మొదటినుంచీ మన గాలే అలవాటు, నా రెండిట్లో బాగా కాసేది కూడా అలా గింజనుంచి వచ్చినదే. ఇంక డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి, లేకపోతే మొలవలేదని ముందే పారబోస్తాం.